కొండచరియల పతనము: ఉపగ్రహ పరిశీలన

పర్వతపార్శ్వమునందలి మన్నుగాని, రాయిగాని, రెండును గలసిన శిథిలముగాని తన బరువును తానే నిలుపుకొనజాలక క్రిందికి జారుటయో, దొర్లుటయో, బురదయై ప్రవహించుటయో సంభవించినపుడు దానిని కొండచరియ విరిగిపడుట యందురు. ఇట్టి పతనములను, భూమికి అయిదునుండి తొమ్మిది వందల కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు తీసిన చిత్రములనుబట్టి గుర్తించుట, కొలుచుట, వీలైనచోట ముందుగా పసికట్టుట అను మూడు పనులకై యేర్పడిన శాస్త్రశాఖ గడచిన అర్ధశతాబ్దిలో పెరిగి పెద్దదైనది. ఈ మూడింటిలో మొదటిది బాగుగా సాధ్యమైనది. రెండవది చాలవరకు సాధ్యమైనది. మూడవదానినిగూర్చి పత్రికలకున్న ధీమా ఆ పని చేయువారికి లేదు.

రాయచోటినుండి పీలేరునకు పోవు బాటలో కలకడ పరిసరములు దాటునపుడు, ఒక గుండుపై మరొక గుండు నెవరో ఆటకై పేర్చి మరచిపోయినట్లు నిలిచిన గుట్టలను చూడని ప్రయాణికు డుండడు. 250 కోట్ల సంవత్సరముల నాటి ఆ గ్రానైటు శిల చల్లారునపుడును, పైబరువు తొలగినపుడును దానియందు నిలువుగను అడ్డముగను అతుకులు పడినవి. ఆ అతుకులవెంట నీరు దిగి, ఎండకు వేడెక్కి రాత్రికి చల్లారి, ఉల్లిపొరలవలె పెచ్చులూడి, మూలలు కరగి, నాలుగు పలకల దిమ్మలు కాలక్రమమున గుండ్లైనవి. దగ్గరకు పోయి చూచినచో రెండు గుండ్ల నడుమ జానెడు సందులో ఎఱ్ఱమన్ను, ఆ మంటిలో వేరూనిన జువ్విమొక్క, ఆ వేరువెంట దిగిన వాననీటి నల్లని చార కనబడును. మన్ను, వేరు, నీరు మూడును గలసి చేయు పని తరములు పట్టును గాని దాని ముగింపునకు క్షణము చాలును. ఈ సీమ జనులు దానిని చూచి ‘కొండ జారింది’ అనరు, ‘గుండు దొర్లింది’ అందురు. అమెరికా భూశాస్త్రజ్ఞుడు డేవిడ్ వార్న్స్ 1978లో స్థిరపరచిన వర్గీకరణము పతనము, ఒరుగుట, జారుట, వ్యాపించుట, ప్రవహించుట అని చరియల కదలికను విభజించినది. దొర్లిన గుండునకును జారిన మంటికిని భేదమున్నదని మన పశువుల కాపరులు ఆ వర్గీకరణము నెరుగకయే చెప్పుచున్నారు. ఈ భేదము మాటలకు మాత్రమే పరిమితమైనది కాదు, ఆకాశమునుండి దేనిని చూడవచ్చును, దేనిని చూడరాదు అన్నది దీనిపైననే ఆధారపడియున్నది.

పీలేరు దాటి భాకరాపేట కనుమ దిగి తిరుపతి చేరినచో శిల మారును. శేషాచలపు అడుగున గ్రానైటే యున్నను, దానిపై నగరి క్వార్ట్‌జైటు నిట్టనిలువు గోడవలె లేచియున్నది. ఈ రెండు శిలల పుట్టుకల నడుమ గడచిన కాలము కోట్ల సంవత్సరములలో పదులకొలది. ఆ విచ్ఛిత్తి తిరుమల కనుమదారి ప్రక్కననే కంటికి కనబడునట్లున్నందున భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. క్వార్ట్‌జైటు గట్టిరాయి. అయినను పొరలు పొరలుగను, అతుకులతోను నుండుటచే, వానకు కరగి జారక, పలకలుగను దిమ్మలుగను ఊడిపడుచుండును. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపొంది 1944లో తెరచిన మొదటి కనుమదారియు, 1974లో వచ్చిన రెండవ దారియు ఈ గోడలనే తొలిచి వేసినవి.

2021 నవంబరు 18, 19 తేదీలలో, సరిగా కార్తీక పౌర్ణమినాడు, బంగాళాఖాతపు వాయుగుండము తిరుపతిపైనను శేషాచలముపైనను కుంభవృష్టి కురిపించెను. 19వ తేదీ ఉదయమునకే పింఛా, అన్నమయ్య జలాశయముల కట్టలు తెగి చెయ్యేరు ఒడ్డునున్న గ్రామములు కొట్టుకొనిపోయినవి. కొండ మాత్రము ఆనాడు తన లెక్క పూర్తిగా చెప్పలేదు. పండ్రెండు దినములు గడచిన పిదప, డిసెంబరు 1వ తేదీ తెల్లవారుజామున, రెండవ కనుమదారిపై పెనుబండలు విరిగిపడి బాటను పలుచోట్ల ధ్వంసము చేసినవి. ప్రాణనష్టము కలుగలేదు. దేవస్థానమువారు ఆ దారి మూసి ఢిల్లీ ఐఐటీ నిపుణులను రప్పించి పరిశీలింపజేసిరి. వాన వెలిసిన పిమ్మట ఇన్నాళ్లకు రాయి పడుట విచిత్రముగా తోచవచ్చును గాని అది శిలాప్రకృతికి విరుద్ధము కాదు: అతుకులలో దిగిన నీరు వాన నిలిచిన వెంటనే బయటకు రాదు, లోపలి ఒత్తిడి నిలిచియుండగా సందులలోని మన్ను మెత్తబడి, ఆనుకొన్న దిమ్మ తన పట్టును కొంచెము కొంచెముగా విడుచును.

ఈ సంఘటనను ఆకాశమునుండి ముందుగా చూడవచ్చునా యన్న ప్రశ్నకు పోవుటకు పూర్వము, ఆకాశపు కన్ను ఎట్లేర్పడినదో కొంత చెప్పవలెను. మనదేశమున ఈ విద్య కొండతో కాక కొబ్బరిచెట్టుతో మొదలైనది. 1970లో పిషారత్ రామ పిషారటి నాయకత్వమున శాస్త్రజ్ఞులు కేరళలో హెలికాప్టరునుండి పరారుణ ఫిల్ముపై కొబ్బరితోటలను చిత్రించి, తెగులు సోకిన చెట్లను నేలపైనివారి కంటికి ఆనకముందే గుర్తించిరి. ఆకుపచ్చని ఆకు మనకు కనబడని పరారుణకాంతిని విశేషముగా ప్రతిఫలింపజేయును. వాడిన ఆకు అట్లు చేయజాలదు. 1972 జూలై 23న అమెరికా పంపిన మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహము ఇదే సూత్రమును భూగోళమంతటికిని వర్తింపజేసినది. 1974లో జాతీయ దూరసంవేదన సంస్థ హైదరాబాదులో నెలకొని, 2008లో ఇస్రో అంతర్భాగమైన జాతీయ దూరసంవేదన కేంద్రముగా మారినది. షాద్‌నగరులోని దాని ఆంటెనాలే నేడు మన ఉపగ్రహముల చిత్రములను దింపుకొనుచున్నవి. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ, 2005 మే 5న కార్టోశాట్-1, 2019 నవంబరు 27న కార్టోశాట్-3 క్రమముగా వచ్చినవి. మొదటిదాని ఒక కెమెరా కంటికి డెబ్బది మీటర్లకు పైబడిన పొలము ఒక చుక్క; కడపటిదాని కంటికి మూరెడు కంటె చిన్న వస్తువు ఒక చుక్క. కార్టోశాట్-1 విశేషము వేరు. అది ముందునకొకటి, వెనుకకొకటి వాలిన రెండు కెమెరాలతో ఒకే కొండను రెండు కోణములనుండి తీసినందున, మన రెండు కన్నులకు లోతు తెలిసినట్లే, చిత్రమునుండి కొండ యెత్తుపల్లములు లెక్కింప సాధ్యమైనది. వాలు తెలియక చరియల విచారణ లేదు గనుక ఇది చిన్న లాభము కాదు.

చిత్రమును చదువువాడు చేయు పని ఒక విధముగా నాడి చూచు వైద్యునిది. పరారుణ చిత్రమున అడవి ఎఱ్ఱగా కనబడును. ఆ ఎఱుపు నడుమ, పైన సన్నగా మొదలై క్రిందికి వెడల్పగుచు వాగులో కలియు తెల్లని లేదా నీలిబూడిదరంగు చార కనబడినచో, అది పచ్చదనము నొలుచుకొనిపోయిన పతనపు జాడ కావచ్చును. కావచ్చును అనియే చెప్పవలెను. ఏలయన క్రొత్తగా త్రవ్విన దారి, గ్రానైటు క్వారీ, మన్యములో పోడు కొట్టిన చెలక, ఎండిన చెరువు గర్భము అన్నియు అదే రంగున నుండును. అందుచే చారయొక్క ఆకారము చూతురు, వాలు చూతురు, నిన్నటి చిత్రమును ప్రక్కన పెట్టుకొని మార్పు చూతురు. క్వారీ అంచులు సరళరేఖలు. చరియ అంచు చినిగిన గుడ్డ యంచు. చెలక వాలుకు అడ్డముగ సాగును. చరియ వాలువెంట దిగును. ఇట్టి వివేకమును సూత్రములుగా మార్చి యంత్రమునకు నేర్పు ప్రయత్నము హైదరాబాదు కేంద్రమున పదునైదు సంవత్సరములుగా సాగుచున్నది. యంత్రము వేగముగా పనిచేయును, తప్పులును వేగముగా చేయును.

ఈ పద్ధతి ఎంత ఉపకరించునో 2024 జూలై 30న కేరళలోని వాయనాడు జిల్లా చూరల్‌మల, ముండక్కై గ్రామములపై పడిన మహాపతనము చూపినది. మరునాడే, జూలై 31న, మేఘములను దాటి చూడగల రిసాట్ రాడారు ఉపగ్రహము ఆ ప్రదేశమును చిత్రించెను. కార్టోశాట్-3 అంతకు ముందేడు మే 22న తీసిన చిత్రముతో దానిని పోల్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు ప్రకటించిన కొలతలివి: పతనము మొదలైన శిఖరభాగము సముద్రమట్టమునకు 1550 మీటర్లయెత్తున నున్నది. ఊడిపోయిన మేర సుమారు 86,000 చదరపు మీటర్లు. బురద, బండలు, మ్రాకులు ఏటివెంట దాదాపు 8 కిలోమీటర్లు పరుగెత్తినవి. సహాయకులకు ఎచట వెదకవలెనో తెలుపుటకు ఇట్టి చిత్రము ఉపకరించును. అయినను అన్నిటికంటె గమనింపదగిన సంగతి మరొకటి: ఆ శిఖరభాగమున పాత పతనపు మచ్చ పూర్వచిత్రములలోనే యుండెను. కొండ క్రొత్తచోట విరుగలేదు, పాత గాయము మరల తెరచుకొన్నది.

అందుచేతనే ఉపగ్రహమును కొండకాపరి యనుటకంటె కొండకు జ్ఞాపకశక్తి యనుట సమంజసమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. మనుష్యుడు కొండను మరచిపోవును. పతనము జరిగిన పది సంవత్సరములకు ఆ చోట పొదలు మొలచి, ఇరువది సంవత్సరములకు ఇళ్లు లేచును. 2014 జూలై 30న పూణే జిల్లాలోని మాలిన్ గ్రామముపై కొండ కూలి 151 మంది మరణించినపుడు, ఊరు లేకుండపోయిన సంగతి మొదట బయటివారికి చెప్పినది ఉపగ్రహము కాదు; ఉదయమున రోజువలె వచ్చి, దిగవలసిన ఊరే కానరాక నిలిచిపోయిన బస్సు డ్రైవరు. మనుష్యుని మరపునకు విరుగుడుగా దూరసంవేదన కేంద్రము 1998నుండి 2022వరకు జరిగిన దాదాపు 80,000 పతనములను గుర్తించి, 17 రాష్ట్రములు, 2 కేంద్రపాలిత ప్రాంతములకు చెందిన 147 జిల్లాలను అపాయక్రమమున పేర్చి 2023లో భారత చరియల అట్లాసును వెలువరించినది. అందు ఉత్తరాఖండములోని రుద్రప్రయాగ మొదటిది, వాయనాడు 13వది. పట్టికలో 13వ స్థానమున నున్నవాడు తాను సురక్షితుడ ననుకొనుట ఎంత పొరపాటో మరుసటి యేడే తెలిసినది.

ఇక రాడారు విషయము. సూర్యకాంతిపై ఆధారపడు కెమెరాకు మేఘము పరమశత్రువు. చరియలు పడునదేమో వానలోనే. మన సీమలో ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరునుండి డిసెంబరువరకు వాయుగుండములతో వచ్చి, ఏ వారమున కొండను చూడవలెనో సరిగా ఆ వారముననే ఆకాశమును మూసివేయును. రాడారు ఉపగ్రహము తానే సూక్ష్మతరంగమును పంపి, దాని ప్రతిధ్వనిని తానే వినును; దానికి రాత్రియు మబ్బును అడ్డుకావు. ఒకే చోటును రెండుమార్లు చూచి, తిరిగివచ్చిన తరంగముల దశలో భేదమును లెక్కించినచో, ఆ నడిమి కాలమున నేల ఎంత జరిగినదో సెంటీమీటర్లలో తెలియును. ఐరోపా వారి సెంటినెల్-1 వాడు తరంగము పొడవు 5.6 సెంటీమీటర్లు, నేల అందులో సగము, అనగా 2.8 సెంటీమీటర్లు, ఉపగ్రహపు దిక్కున జరిగినచో చిత్రమున ఒక రంగుల వలయము పూర్తియగును. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలోని లాండర్స్ వద్ద వచ్చిన భూకంపమును ఈ విధముగా చిత్రించుటతో ఈ విద్య లోకప్రసిద్ధమైనది.

చరియలకు దీనిని వర్తింపజేసినపుడు లభించిన ఫలితములు ఆశను, సంశయమును సమముగా కలిగించునట్టివి. 2017 జూన్ 24న చైనాలోని సిచువాన్ రాష్ట్రమున సిన్మో గ్రామముపై కొండ కూలిన పిదప, అంతకుముందు సెంటినెల్-1 తీసిన చిత్రములను వరుసగా పరిశీలింపగా, ఆ కొండ నెలలకొలది మెల్లగా కదలి చివరి వారములలో వేగము పుంజుకొన్నట్లు స్పష్టముగా తెలిసినది. సాక్ష్యము ముందే యుండెను; అడిగినవాడు లేకపోయెను. 2022 డిసెంబరు 27నుండి 2023 జనవరి 8వరకు, పండ్రెండు దినములలో, హిమాలయములలోని జోషీమఠ్ పట్టణము 5.4 సెంటీమీటర్లు క్రుంగినదని హైదరాబాదు కేంద్రము ప్రకటించినపుడు ఇండ్లగోడలపై చీలికలు చూచి బెదరిన జనులకు ఆ చీలికలకు ఒక కొలత దొరకినట్లైనది. ఆ నివేదిక కొలది దినములలోనే వెబ్‌సైటునుండి తొలగింపబడుట వేరు కథ. కొలచుటకంటె కొలిచినదానిని చెప్పుట కష్టమైన సందర్భములు ఇందుండును.

సిన్మోవలె, జోషీమఠ్‌వలె మెల్లగా జరుగు నేలయైనచో రాడారు చూచును. తిరుమల కనుమలోని దిమ్మ, కలకడ గుట్టపై గుండు అట్లు నెలలకొలది పెద్దమేరలో జరుగవు. ఉన్నచోటనే యుండి, ఒకనాడు ఊడిపడును. సెంటినెల్-1 చిత్రమున ఒక చుక్క ఇంచుమించు అయిదు మీటర్లు వెడల్పు, ఇరువది మీటర్లు పొడవుగల నేల. అందులో గుండుతోపాటు దాని క్రింది పొదయు, ప్రక్కనున్న మూడు గుండ్లును కలిసిపోవును. పైపెచ్చు ఈ ఉపగ్రహములు ధ్రువమునుండి ధ్రువమునకు తిరుగుచు తూర్పునకో పడమరకో చూచునట్టివి. ఉత్తరముగనో దక్షిణముగనో జారు చరియ కదలిక వాటికి బహుస్వల్పముగా మాత్రమే తెలియును. నిట్టనిలువు గోడలవద్ద రాడారునీడ పడి ఒకవైపు చీకటియగును, మరొకవైపు శిఖరము అడుగుపై వాలినట్లు కలిసిపోవును. శేషాచలపు రక్తచందనవృక్షములు వానకాలమున ఆకులు తొడిగినపుడు 5.6 సెంటీమీటర్ల తరంగము ఆకులనుండియే వెనుదిరుగును. గాలికి కదలు ఆకును చూచి నేల కదలినదని చెప్పుట ఎట్లు? వీటన్నిటికిని తోడు అదృష్టహీనత యొకటి: జంట ఉపగ్రహములలో సెంటినెల్-1బి 2021 డిసెంబరు 23న పనిచేయుట మానెను. దాని స్థానము పూరించు ఉపగ్రహము 2024 డిసెంబరులో గాని రాలేదు.

తూర్పుకనుమల ఉత్తరభాగము కథ వేరు. భూగర్భ సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారము దేశమున సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా భూభాగమున 12.6 శాతము, చరియల భయము గలది. అందు సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు మన అరకు ప్రాంతమునకు చెందినది. అచటి శిల ఖొండలైటు. అడవులలో నివసించు ఖోండుల పేరనే దానికి ఆ నామము వచ్చినది. గ్రానైటువలె గుండ్లుగా మిగులక, వేడికిని వానకును చివికి అది ఎఱ్ఱని మెత్తని మన్నుగా మారును, తడిసినపుడు జారును. కొత్తవలసనుండి కిరందుల్‌కు బైలదిల్లా ఇనుపఖనిజముకై వేసిన రైలుమార్గము 58 సొరంగములగుండ, 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడ మీదుగా ఈ మంటిలోననే పోవుచున్నది. చిమిడిపల్లి, బొర్రాగుహల నడుమ పట్టాలపై బండలును మన్నును పడి బండ్లు నిలిచిపోవుట ప్రతి వానకాలమున వినునదే. ఇచట చరియలు పెద్దవి, చారలు స్పష్టమైనవి, పచ్చదనము దట్టము గనుక ఊడినచోటు కొట్టవచ్చినట్లు కనబడును; ఉపగ్రహచిత్రము రాయలసీమలో కంటె మన్యములో ఎక్కువ చెప్పగలదు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్‌రాజపురములో కొండవాలున కట్టిన ఇండ్లపై బండలు పడి ప్రాణములు పోయిన ఘటనను మాత్రము ఏ పటమును ముందుగా చూపజాలకపోయెను. నగరములోని కొండ చిన్నది, దానిని తొలిచిన మనుష్యుని గునపము అంతకంటె చిన్నది.

కదలికను పసికట్టుట కష్టమైనచోట శాస్త్రజ్ఞులు వానను ఆశ్రయించిరి. ఏ వాలు, ఏ శిల, ఎంత అడవి, గతమున ఎచట విరిగినది అను పటమొకటి ముందుగా నుండగా, దానిపై రేపు ఎంత వాన కురియునను అంచనాను పరచినచో, ఏ తాలూకాలో జాగ్రత్త వహింపవలెనో చెప్పవచ్చును. 2014లో మొదలైన జాతీయ చరియల అవకాశపటము ఇందుకు పునాది. 2024 జూలై 19న కలకత్తాలో జాతీయ చరియల సూచనకేంద్రము ప్రారంభింపబడినది. ఈ సూచన ‘ఫలాని గుండు’ అనజాలదు, ‘ఫలాని జిల్లా’ అనగలదు. అంతమాత్రమునకే కనుమదారిని ఒక రాత్రి మూసివేయు ధైర్యము అధికారికి కలుగునా యన్నది శాస్త్రము తీర్చు ప్రశ్న కాదు.

తిరుపతికి ఎంతో దూరము లేని శ్రీహరికోటనుండి 2025 జూలై 30న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్టు మోసికొనిపోయిన నిసార్ ఉపగ్రహము ఈ పరిమితులలో కొన్నిటిని తొలగించుటకు ఉద్దేశింపబడినది. మాలిన్, వాయనాడు దుర్ఘటనలు జరిగిన తేదియు అదే యగుట కేవలము యాదృచ్ఛికము. జూలై నెలాఖరు నైరృతి వానలు ముమ్మరించు కాలమని మాత్రము దానివలన గుర్తుపెట్టుకొనవచ్చును. అమెరికా అంతరిక్షసంస్థయు ఇస్రోయు కలసి నిర్మించిన ఇందులో 24 సెంటీమీటర్ల తరంగము నాసాది, సుమారు 9 సెంటీమీటర్ల తరంగము ఇస్రోది. గొడుగువలె విప్పుకొను దాని ఆంటెనా వ్యాసము 12 మీటర్లు. పొడవైన తరంగము ఆకుల నడుమనుండి దూరి నేలను, కాండములను తాకి వచ్చును గనుక అడవికప్పిన కొండలపై కదలికను చూచు అవకాశము మిక్కుటమగును. పండ్రెండు దినములకొకమారు అది అదే మార్గమున తిరిగివచ్చి అదే కొండను చూచును. దాని చిత్రములు ఎల్లరకు ఉచితముగా లభించునట్లు ఏర్పాటు చేసిరి.

చిత్రములు పెరిగినకొలది నేలపని తగ్గునని కొందరు భావింతురు గాని, జరుగుచున్నది దానికి విపర్యయము. యంత్రము అనుమానించిన ప్రతి చార కడకును ఒకరు పటము, జీపీఎస్ పరికరము పట్టుకొని ఎక్కవలెను. చరియ తల ఎచట మొదలైనదో చూడవలెను. పగులులో బెత్తము దూర్చి లోతు కొలువవలెను. వాలినచెట్టు మరల నిటారుగా పెరిగినచో దాని మొదట వంకరను చూచి కదలిక పాతదో క్రొత్తదో నిర్ణయింపవలెను. క్రింది ఊరివారిని ‘ఈ వంక ఎన్నడైన బురదతో వచ్చినదా?’ అని అడుగవలెను. మదనపల్లె, కలకడ గుట్టలలో నట్టి చారను వెదకికొనిపోయినవాని కెదురగునది తరచుగా చరియ కాదు. పలకలుగా కోసి ఒకదానిపై నొకటి పేర్చిన గ్రానైటు దిమ్మలు, వాటి ప్రక్కన లోడునకై నిలిచిన లారీ.